చేతులు జోడిస్తే చూసేదెవరు?



ఈ వారం మాట కాస్త వేరుగా ఉంటుంది. సినిమాల గురించి, ఆయుధాల గురించి పాస్టరుగారు రాయడమేమిటని మన పెద్దవాళ్లలో కొందరు అనుకోవచ్చు. అయితే మన యవనస్థుల చేతిలో ఫోనుంది, ఆ ఫోనులో ఏం వస్తుందో మనకు తెలుసు. ఒక నిమిషం ఏదో హాలీవుడ్ సినిమాలో ఇనుప మనిషి ఎర్రటి కళ్లతో తుపాకీ పట్టుకుని నడిచొస్తుంటాడు. వేలితో పైకి జరిపితే చాలు, ఉక్రెయిన్‌లో నిజంగా జరిగిన డ్రోన్ దాడి కనబడుతుంది, వెనకాల ఏదో పాట పెట్టి. రెండూ ఒకే తెర మీద వస్తాయి. మొదటిదానిలో చచ్చినవాడు షూటింగ్ అయ్యాక లేచి టీ తాగాడు. రెండోదానిలో చచ్చినవాడి తల్లి ఇంకా ఏడుస్తూనే ఉంది.

"అయ్యగారూ, సినిమాల్లో చూపించే యుద్ధాలు నిజంగా వస్తాయా?" అని యవనస్థుల కూడికలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. రెండు మాటల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

జవాబు మాత్రం ముందే చెప్పేస్తాను. ఆ యుద్ధాలు వచ్చేశాయి, కానీ సినిమా చూపించిన వేషంలో రాలేదు. సినిమా మనల్ని దేనికి భయపడమన్నదో అది రాలేదు. భయపడవలసింది వేరొకటి ఉంది. అది చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంది.

ఎదురు తిరిగే యంత్రం

రాబోయే యుద్ధాన్ని ఊహించడం సినిమాలతో మొదలు కాలేదు. 1898లో హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత, అంగారక గ్రహం నుంచి వచ్చినవాళ్లు వేడి కిరణాలతో మనుషుల్ని కాల్చేస్తున్నట్టు నవల రాశాడు. అదే తర్వాత సినిమాగా వచ్చింది. ఆయనే 1914లో అణుబాంబు అనే మాట పెట్టి ఇంకో నవల రాశాడు. అప్పటికి అలాంటి బాంబు ప్రపంచంలో లేదు. 1932లో లియో జిలార్డ్ అనే శాస్త్రవేత్త ఆ నవల చదివాడు. మరుసటి ఏడాది లండన్‌లో, అణువును పగలగొట్టి శక్తిని గొలుసులా రాబట్టవచ్చన్న ఆలోచన ఆయనకే తట్టింది. 1945లో హిరోషిమా కాలిపోయింది. కాబట్టి కథలే కదా అని తీసిపారేయకూడదు. మనిషి ముందు హృదయంలో ఊహిస్తాడు, తర్వాతే చేతులతో చేస్తాడు.

సినిమాలు వచ్చాక ఆ ఊహకు రంగులు వచ్చాయి. 1977లో 'స్టార్ వార్స్' వెలుగు కత్తులను, అంతరిక్షంలో పోరాటాలను చూపించింది. 1984లో 'టెర్మినేటర్' వచ్చింది. అందులో మనిషి తయారుచేసిన కంప్యూటరు మనిషికే ఎదురు తిరిగి లోకాన్ని నాశనం చేస్తుంది. మన తెలుగులోనూ 1991లో 'ఆదిత్య 369' మూడో ప్రపంచ యుద్ధం తర్వాత మనుషులు భూమి లోపల దాక్కుని బతికే కాలాన్ని చూపించింది. 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. పిల్లలు అందులోని బుజ్జి బండి బొమ్మలు గీసుకున్నారు.

వీటిలో ఒక సినిమా దగ్గర కాసేపు ఆగుదాం. 2010లో వచ్చిన 'రోబో' గుర్తుంది కదా. అందులో శాస్త్రవేత్త చిట్టిని తయారుచేసింది సైన్యానికి ఇవ్వాలనే. చివర్లో వందల చిట్టీలు ఒకటై పెద్ద బంతిగా, పాముగా మారిపోవడం అందరికీ గుర్తుంటుంది. మొదటి సగంలో ఒక చిన్న సన్నివేశం మాత్రం చాలామందికి గుర్తుండదు. చిట్టిని పరీక్షించే పెద్దమనిషి, నిన్ను తయారుచేసినవాడినే పొడవమని ఆజ్ఞ ఇస్తాడు. చిట్టి మారు మాట్లాడకుండా కత్తి ఎత్తుతుంది. మంచీచెడూ తెలియకుండా ఎవరు చెబితే వారి మాట వినే యంత్రం సైన్యానికి పనికిరాదని తీర్పు వస్తుంది.

ఆ తర్వాత కథ వేరే దారి పట్టింది. చిట్టికి మనసు రావడం, ప్రేమ, పగ, ఎదురు తిరగడం. సినిమా అన్నాక అలాగే ఉండాలి, లేకపోతే జనం కూర్చోరు. అయితే నిజం ఆ చిన్న సన్నివేశంలోనే ఉండిపోయింది. సినిమాలన్నీ ఎదురు తిరిగే యంత్రానికి భయపడమని చెప్పాయి. ఈ రోజు లోకంలో ప్రాణాలు తీస్తున్నది మాట వినే యంత్రం.

కర్నూలులో వెలుగు కిరణం

సినిమాకూ నిజానికీ తేడా ఎంతో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. 2025 ఏప్రిల్ 13న మన కర్నూలు దగ్గర ఉన్న నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజిలో డీఆర్‌డీవో వాళ్లు 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. తయారీలో ముఖ్యపాత్ర హైదరాబాదులోని చెస్ అనే ప్రయోగశాలది. ఎగురుతున్న డ్రోన్లను, గుంపుగా వచ్చిన చిన్న డ్రోన్లను ఆ కిరణంతో పడగొట్టారు. లోకంలో ఇలాంటివి ఉన్న దేశాలు కొద్దే. వెల్స్ 1898లో ఊహించిన వేడి కిరణం, 'స్టార్ వార్స్' పిల్లలు కలలుగన్న ఆయుధం, చివరికి రాయలసీమ ఎండలో నిజమైంది.

అయితే అక్కడ మనం నిలబడి చూసినా కంటికి ఏమీ కనిపించదు. సినిమాలో లేజర్ అంటే ఎర్రటి గీత, ఆకుపచ్చ గీత, రివ్వున శబ్దం. నిజమైన కిరణానికి రంగు కనబడదు, శబ్దం ఉండదు. సినిమాలో ఒక్క దెబ్బకు ఓడ ముక్కలవుతుంది. నిజంలో ఆ కిరణాన్ని డ్రోను మీద ఒకే చోట కొన్ని క్షణాలు కదలకుండా నిలపాలి. భూతద్దంతో ఎండను కాగితం మీదికి పట్టినట్టు పట్టి ఉంచితే, అప్పుడు అది కాలి పడుతుంది. దుమ్ము లేచినా, పొగమంచు పట్టినా, వాన కురిసినా కిరణం బలం తగ్గిపోతుంది. ఇక అంతరిక్షంలో గాలే లేదు కాబట్టి సినిమాలో వినబడే పేలుళ్ల చప్పుడు అక్కడ వినబడే అవకాశమే లేదు.

ఇంత కష్టపడి ఈ లేజర్ ఎందుకు? రాజులు గ్రహాలను జయించడానికి కాదు. ఆకాశంలో చవకబారు డ్రోన్లు ఎక్కువైపోయాయి, వాటిని ఖరీదైన క్షిపణులతో కొట్టలేక. అసలు కథ ఇక్కడే ఉంది.

సెల్‌ఫోను ధరకు ఒక ఆయుధం

డ్రోనంటే మన ఊళ్లలో ఇప్పుడు వింత కాదు. పెళ్లిళ్లలో పందిరి మీద ఎగురుతుంది. వరి చేలలో, మిరప తోటల్లో మందు కొడుతుంది. కేంద్ర ప్రభుత్వం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని 'నమో డ్రోన్ దీదీ' పథకం పెట్టింది. మందు డబ్బా వీపుకు కట్టుకుని, ఆ వాసన పీల్చి రోగాలపాలైన రైతు కూలీలను చూసినవాళ్లకు ఆ యంత్రం ఎంత మేలో తెలుసు.

అదే రకం యంత్రం ఉక్రెయిన్‌లో రాత్రిపూట బాంబులు మోస్తోంది. ఆరు రెక్కలతో గుయ్యిమని వచ్చే పెద్ద డ్రోన్లకు రష్యా సైనికులు తమ జానపద కథల్లోని మంత్రగత్తె పేరు పెట్టుకున్నారు, బాబా యాగా అని. అంతకంటే చిన్నవి ఇంకా భయంకరం. అవి పిల్లల ఆటవస్తువుల్లా ఉంటాయి. నాలుగు మోటార్లు, ఒక చిన్న కెమెరా, కింద కట్టిన పేలుడు సామగ్రి. నడిపేవాడు కొన్ని కిలోమీటర్ల దూరాన నేలమాళిగలో కూర్చుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, డ్రోను కంటితోనే చూస్తూ నడుపుతాడు. ఒక్కోటి మన డబ్బులో సుమారు 40,000 రూపాయలు. ఒక మంచి సెల్‌ఫోను ధర. దానితో కోట్లు విలువ చేసే యుద్ధ ట్యాంకును తగలబెడుతున్నారు.

మన బైబిలు చదివినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. గొల్యాతు ఒంటి నిండా కంచు కవచం, ఈటె కొనకే ఆరు వందల తులాల ఇనుము. దావీదు దగ్గర వాగులో ఏరిన అయిదు రాళ్లు, ఒక వడిసెల. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే మన పిల్లల దగ్గరుండే వడిసెల. ఖరీదైన కవచం చవకైన రాయికి పడిపోయింది. అందుకే ఈ డ్రోన్ల వార్తలు చదివి, బలహీనుడికి బలం వచ్చిందని సంతోషించేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. కానీ ఒక్కటి మరచిపోకూడదు. ఇప్పుడు వడిసెల గొల్యాతు చేతిలో కూడా ఉంది.

రష్యా వైపు నుంచి షాహెద్ అనే డ్రోన్లు గుంపులుగా వస్తాయి. వాటి చప్పుడు మోపెడ్ చప్పుడులా ఉంటుందని అక్కడి జనం అంటారు. మన చిన్నప్పటి లూనా బండి నడిరాత్రి ఇంటి కప్పు మీదుగా పోతున్నట్టు ఊహించుకోండి. ఒక్కోదాని ఖరీదు మన లెక్కలో 20 నుంచి 40 లక్షల రూపాయల దాకా అని అంచనాలున్నాయి. దాన్ని ఆపడానికి పేట్రియట్ లాంటి అమెరికా క్షిపణిని వదిలితే, ఒక్కటే 30 కోట్లకు పైమాట. ఎన్నని వదలగలరు?

ఈ యంత్రాలకు ఎదురుగా మనిషి ఏం చేస్తున్నాడో చూడండి. సినిమాలో అయితే నగరం చుట్టూ నీలిరంగు కాంతి కవచం లేస్తుంది. ఉక్రెయిన్‌లో రోడ్ల మీద చేపల వలలు కట్టారు. ఫ్రాన్సులో బ్రిటనీ తీరపు జాలర్లు వాడి పక్కన పెట్టిన వలలను పంపించారు. స్తంభాలు పాతి, పందిరిలా వలలు పరిచి, ఆ నీడలో అంబులెన్సులు నడుపుతున్నారు. డ్రోను రెక్కలు వలలో చిక్కుకుంటాయి. మన తీరంలో వలలు అల్లే అన్నదమ్ములకు ఈ మాట చెప్పండి. ఇరవై ఒకటో శతాబ్దపు యుద్ధంలో ప్రాణం కాపాడుతున్నది చేపల వల.

పాత ఆయుధాలు కూడా ఎక్కడికీ పోలేదు. ఉక్రెయిన్‌లో సైనికులు నూరేళ్ల కిందటి మొదటి ప్రపంచ యుద్ధంలో లాగానే బురద కందకాల్లో కూర్చున్నారు. ఫిరంగి గుండ్లు అప్పటిలాగే పడుతున్నాయి. మన దగ్గరా అంతే. 2025 మే నెలలో మన దేశానికీ పాకిస్తానుకూ మధ్య నాలుగు రోజులు డ్రోన్లు, క్షిపణులు ఎగిరాయి. టీవీల్లో బొమ్మలు గీసి మరీ చూపించారు. ఆ రోజుల్లోనే శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక తండా నుంచి వెళ్లిన యువ జవాను సరిహద్దు కాల్పుల్లో ప్రాణాలిచ్చాడు. పేద తల్లిదండ్రుల బిడ్డ. కొత్త యుద్ధం పాత యుద్ధాన్ని తీసివేయలేదు, దాని మీద వచ్చి చేరింది.

రెండు ఆగస్టు 29లు

'టెర్మినేటర్' కథలో యంత్రం ఎదురు తిరిగిన రోజుకు ఒక తేదీ ఉంది. రెండో భాగంలో ఆ తేదీ చెబుతారు, 1997 ఆగస్టు 29. ఆ రోజు వచ్చింది, వెళ్లింది, ఏమీ కాలేదు. జనం నవ్వుకున్నారు.

2021 ఆగస్టు 29న ఆఫ్ఘనిస్తాన్ రాజధాని కాబూల్‌లో ఒక సంగతి జరిగింది. అంతకు మూడు రోజుల ముందు విమానాశ్రయం దగ్గర బాంబు పేలి 13 మంది అమెరికా సైనికులు, 150 మందికి పైగా ఆఫ్ఘన్లు చనిపోయారు. ఇంకో దాడి జరుగుతుందన్న భయంతో అమెరికా డ్రోన్లు ఊరంతా కాపు కాస్తున్నాయి. ఒక తెల్ల కారును ఎనిమిది గంటలు వెంబడించాయి. అందులో కొందరు ఏవో డబ్బాలు ఎక్కిస్తున్నారు. పేలుడు పదార్థాలని అనుకున్నారు. కారు ఇంటి ముంగిట్లోకి రాగానే క్షిపణి వదిలారు. పది మంది చనిపోయారు, వారిలో ఏడుగురు పిల్లలు. ఆ మనిషి ఒక సహాయ సంస్థలో పనిచేసేవాడు. ఆ డబ్బాల్లో ఉన్నది నీళ్లు. సెప్టెంబరు 17న అమెరికా సైన్యమే పొరపాటని ఒప్పుకుంది. ఆ తర్వాత విచారణ జరిగింది. ఎవరికీ శిక్ష అవసరం లేదని డిసెంబరులో తేల్చారు.

ఆ రోజు ఏ యంత్రమూ ఎదురు తిరగలేదు. కెమెరా చక్కగా పనిచేసింది. క్షిపణి గురి తప్పలేదు. చెప్పిన చోటే పడింది. తప్పు చూసినదాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. భయంతో చూసే కంటికి నీళ్ల డబ్బా బాంబులా కనబడింది.

అమెరికాలో లాస్ వేగాస్ ఊరికి కొంత దూరంలో క్రీచ్ అనే వైమానిక స్థావరం ఉంది. సుమారు 12,000 కిలోమీటర్ల అవతల ఉన్న ఆఫ్ఘనిస్తాన్ మీద ఎగిరే డ్రోన్లను ఏళ్ల తరబడి అక్కడి గదుల్లో కూర్చుని నడిపారు. డ్యూటీ అయిపోగానే కారెక్కి ఇంటికి వెళ్లి, పిల్లలతో అన్నం తినేవాళ్లు. శరీరానికి గీత కూడా పడని ఆ మనుషుల్లో కొందరికి నిద్ర పట్టక, మనసు చెదిరి వైద్యం అవసరమైంది. యంత్రం దూరాన్ని సృష్టించింది గానీ, మనస్సాక్షి దగ్గరే ఉండిపోయింది.

రెండు చీటీలు

దూరం నుంచి చంపడం ఈ కాలపు కనిపెట్టుబడి అనుకోకండి. దావీదు గొల్యాతును ఎదురుగా నిలబడి కొట్టాడు. తర్వాత రాజయ్యాడు, మేడ మీదున్నాడు. ఊరియాను అడ్డు తొలగించుకోవలసి వచ్చినప్పుడు కత్తి ముట్టుకోలేదు. సేనాధిపతి యోవాబుకు ఒక ఉత్తరం రాశాడు. ఊరియాను పోరు గట్టిగా ఉన్నచోట ముందు నిలిపి, మిగిలినవాళ్లు వెనక్కి తగ్గమని దాని సారాంశం. ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. చంపింది అమ్మోనీయుల బాణాలు. రాజు చేతికి రక్తం అంటలేదు. అందరూ చెప్పినట్టే చేశారు, ఎవరూ ఎదురు తిరగలేదు. అందుకే ఆ పాపం జరిగింది.

అప్పుడు దేవుడు నాతానును పంపాడు. నాతాను చేసినదేమిటి? పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల కథ చెప్పి, దూరంగా చచ్చిన మనిషిని రాజు కళ్లముందుకు తెచ్చి నిలబెట్టాడు. దూరాన్ని తీసేశాడు.

ఇంకో చీటీ సంగతి చెబుతాను. 2023 మే నెలలో ఉక్రెయిన్‌లోని బఖ్ముత్ దగ్గర ఒక రష్యా సైనికుడు కందకంలో ఒంటరిగా మిగిలిపోయాడు. చుట్టూ తోటివాళ్ల శవాలు. పైన ఉక్రెయిన్ డ్రోను. పారిపోయే దారి లేదు. అతను తల పైకెత్తి, డ్రోను వైపు చేతులతో సైగలు చేసి బతిమాలాడు. నడిపేవాళ్లు తెర మీద అది చూశారు. చంపగలిగి కూడా ఆగారు. డ్రోనుతో ఒక చీటీ జారవిడిచారు, లొంగిపోదలిస్తే డ్రోను వెనకాలే రమ్మని. అతను చదివాడు. గుండ్లు పడుతున్న పొలాల మీదుగా ఆ డ్రోను వెనకే నడిచి, ప్రాణాలతో అవతలికి చేరాడు. ఈ సంగతి లోకమంతా పత్రికల్లో వచ్చింది.

డ్రోను రెండు చోట్లా డ్రోనే. దావీదు చీటీ చంపింది, ఈ చీటీ బతికించింది. తేడా ఎక్కడుంది? తెర వెనుక ఒక మనిషి ఉన్నాడు, అతనికి జోడించిన చేతులు కనబడ్డాయి.

ఎప్పుడూ ఇలా జరగదని నాకు తెలుసు. ఖెర్సోన్ నగరంలో రోడ్డు మీద నడిచే మామూలు జనాన్ని డ్రోన్లతో వెంటాడి చంపడం మానవాళి మీద నేరమని ఐక్యరాజ్యసమితి నియమించిన విచారణ కమిషన్ 2025లో చెప్పింది. అక్కడ కూడా తెర వెనుక మనుషులే ఉన్నారు, ముఖాలు వాళ్లకూ కనబడ్డాయి. మనిషి ఉన్నంత మాత్రాన కనికరం ఉంటుందని హామీ లేదు. కానీ మనిషి లేకపోతే కనికరానికి చోటే లేదు.

ఇప్పుడు మన కాలం సరిగ్గా ఆ మలుపులో ఉంది. శత్రువు రేడియో తరంగాలను అడ్డుకుంటే డ్రోనుకూ నడిపేవాడికీ లంకె తెగిపోతుంది. దానికి విరుగుడుగా కొందరు సన్నటి గాజు తీగను కిలోమీటర్ల పొడవున విప్పుకుంటూ పోయే డ్రోన్లు చేశారు. ఇంకొందరు చివరి కొన్ని వందల మీటర్లు యంత్రమే గురిని పట్టుకుని వెళ్లేలా కృత్రిమ మేధను పెడుతున్నారు. ఆ చివరి దూరంలో కింద మనిషి చేతులు జోడించినా, తెల్ల గుడ్డ ఊపినా, చూసేదెవరు? యంత్రానికి కోపం లేదు, పగ లేదు. సినిమా చెప్పినట్టు మనల్ని ద్వేషించడం కూడా దానికి రాదు. మొర వినే చెవి లేదు, అంతే.

ఈ భయాన్ని సరిగ్గా పట్టుకున్న చిన్న చిత్రం ఒకటుంది. 2017 నవంబరులో 'స్లాటర్‌బాట్స్' అని ఎనిమిది నిమిషాలు కూడా లేని చిత్రాన్ని జెనీవాలో ఐక్యరాజ్యసమితి సమావేశం దగ్గర చూపించారు. అందులో ఇనుప రాక్షసులు లేరు. అరచేతిలో పట్టే డ్రోన్లు ముఖాన్ని గుర్తుపట్టి చంపుతాయి. తీయించినవాళ్లలో కృత్రిమ మేధ పాఠాలు చెప్పే ఆచార్యుడే ఉన్నాడు. 2023 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి, అంతర్జాతీయ రెడ్ క్రాస్ అధ్యక్షురాలు కలిసి, మనిషి ప్రమేయం లేకుండా ప్రాణం తీసే ఆయుధాలకు హద్దులు పెడుతూ 2026లోగా ఒప్పందం చేసుకోమని దేశాలను వేడుకున్నారు.

ఆగిన మనిషి

1983వ సంవత్సరం చెప్పుకోదగ్గది. మార్చిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆకాశంలోనే అణు క్షిపణులను ఆపే పథకం ప్రకటించాడు. దానికి జనం పెట్టిన పేరు 'స్టార్ వార్స్'. పదేళ్లకు ఆ పథకం మూతపడింది. జూన్‌లో 'వార్ గేమ్స్' అనే సినిమా వచ్చింది. ఒక కుర్రాడు ఆట అనుకుని సైన్యం కంప్యూటరులోకి చొరబడితే, అది అణుయుద్ధం దాకా వస్తుంది. రీగన్ ఆ సినిమా చూసి, ఇది నిజంగా జరుగుతుందా అని తన సేనాధిపతులను అడిగాడు. పరిస్థితి మీరనుకున్నదానికంటే అధ్వానంగా ఉందని వాళ్లు జవాబు తెచ్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వ కంప్యూటర్ల భద్రతకు ఉత్తర్వు వచ్చింది. ఒక సినిమా చేసిన మేలు అది.

అదే ఏడాది సెప్టెంబరు 26న, ఏ సినిమా ఊహించని సంగతి ఒకటి నిజంగా జరిగింది. అప్పటికి మూడు వారాల కిందటే సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చి 269 మంది చనిపోయారు. రెండు దేశాలూ ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటున్నాయి. మాస్కోకు దూరంగా ఒక భూగర్భ కేంద్రంలో స్టానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి రాత్రి డ్యూటీలో ఉన్నాడు. వయసు 44. అమెరికా నుంచి క్షిపణి బయలుదేరిందని కంప్యూటరు చెప్పింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి, మొత్తం అయిదు. సైరన్ మోగుతోంది. వెంటనే పైవాళ్లకు చెప్పడం అతని విధి. చెబితే ఎదురుదాడికి ఆజ్ఞ రావచ్చు.

పెత్రోవ్ ఆలోచించాడు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాళ్లు అయిదంటే అయిదే పంపుతారా? నేల మీది రాడార్లు ఏమీ చూపించడం లేదు. ఈ యంత్రం కొత్తది, పొరపడి ఉంటుంది. ఇది తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పాడు. నిమిషాలు గడిచాయి. ఏ క్షిపణీ రాలేదు. ఎత్తయిన మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంటగా భ్రమపడిందని తర్వాత తేలింది. అప్పట్లో అతనికి సన్మానం జరగలేదు. ఆ సమయంలో పుస్తకంలో వివరాలు రాయలేదని మందలించారు. 2017లో చనిపోయాడు.

ఆ రాత్రి ఆ కుర్చీలో చెప్పినట్టు చేసే యంత్రం కూర్చుని ఉంటే? యంత్రం అయిదు వరకు లెక్కపెట్టగలదు. అయిదేమిటి, ఇలా ఎందుకు అని ఆగడం మనిషికే తెలుసు.

మనం చేయగలిగినది

మన ఊరికి, మన సంఘానికి ఇందులో పనేముంది అంటారా? ఉంది.

యవనస్థులారా, సినిమా చూస్తే సినిమాగా చూడండి. కానీ నిజంగా మనిషి చచ్చే వీడియో ఫోనులోకి వస్తే పంచుకోకండి, దానికి నవ్వు బొమ్మ పెట్టకండి. ఏ దేశపువాడైనా సరే, అతను ఒక తల్లి పేరు పెట్టి పిలిచిన బిడ్డ. ఆ వీడియో మనల్ని మేడ మీద కూర్చోబెట్టి, అతన్ని దూరం చేస్తుంది.

మీలో ఇంజనీరింగు చదివేవాళ్లున్నారు. హైదరాబాదులో డ్రోన్ల కంపెనీలు, రక్షణ సంస్థలు ఉద్యోగాలిస్తున్నాయి. దేశాన్ని కాపాడే పని గౌరవమైనదే, చేయండి. అయితే మీరు చేసే యంత్రంలో 'ఆగు' అనడానికి ఒక మనిషికి చోటుందా అని అడిగేవాళ్లు మీరే కావాలి. ఆ ప్రశ్న బయటివాళ్లు అడిగితే ఎవరూ వినరు. లోపల కూర్చుని చేసేవాడు అడగాలి.

మందు కొట్టే డ్రోను నడపడం నేర్చుకున్న అక్కచెల్లెళ్లారా, మీ పని చిన్నదనుకోవద్దు. ఖడ్గాలు నాగలి కర్రులయ్యే రోజును యెషయా చూశాడు. నాగళ్లను ఖడ్గాలుగా సాగగొట్టమనే కేకను యోవేలు రాశాడు. ఇనుము ఒకటే, కొలిమి ఒకటే. అది ఎటు వంగుతుందో చేతి మీద ఆధారపడి ఉంది. లోకంలో ఒకచోట బాంబులు మోసే యంత్రం మీ చేతిలో పంటను బతికిస్తోంది.

సైన్యంలో బిడ్డలున్న తల్లిదండ్రులు మన మధ్య ఉన్నారు. వారి పిల్లల కోసం ప్రార్థించేటప్పుడు, క్షేమంగా తిరిగి రావాలని అడుగుదాం. ఎదుటివాడు చేతులు జోడించిన క్షణం వస్తే దాన్ని చూసే కన్ను కూడా వారికి ఇమ్మని అడుగుదాం. తెరల ముందు కూర్చున్న అన్ని దేశాల మనుషుల కోసం కూడా. పెత్రోవ్ లాంటివాడు ఏ రాత్రి ఏ కుర్చీలో అవసరమవుతాడో మనకు తెలియదు.

మొర వినే దేవుడు మనకున్నాడు. ఆయన పోలికలో చేయబడిన మనం వినడం మానేయకుండునట్లు ఆయనే కాపాడును గాక.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు